చీవరం అంచు చాలంటారా?

కో సముయ్ నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మిత్రులది ఒకటే మాట. "బౌద్ధాలయాలు చూశావా? ఎంత ప్రశాంతంగా ఉంటాయో కదా!" చూశాను. ప్రశాంతంగానే ఉన్నాయి. తోపులాటలు లేవు. నా గోత్రం ఎవరూ అడగలేదు. అయినా ఆ ప్రశాంతత గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. బుద్ధుడి పేరు చెప్పగానే మన స్త్రీవాదం కూడా కాస్త కళ్ళు మూసుకుంటుందని అక్కడే నాకు తెలిసొచ్చింది.

థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉన్న ఈ ద్వీపానికి ఎక్కువమంది వచ్చేది సముద్రం కోసం. మధ్యలో ఒక పూట గుళ్ళకి కేటాయిస్తారు. మేమూ అంతే. వాట్ ఫ్రా యాయ్‌లో 1972లో కట్టిన 12 మీటర్ల బంగారు రంగు బుద్ధుణ్ణి చూశాం. వాట్ ఖునారామ్‌లో లువాంగ్ ఫో డేంగ్ అనే భిక్షువు దేహాన్ని చూశాం. 1973లో ధ్యానంలో కూర్చునే కన్నుమూశాడట. గాజు పెట్టెలో అలాగే కూర్చోబెట్టి, కళ్ళకి నల్ల కళ్ళద్దాలు పెట్టారు. వాట్ ప్లాయ్ లేమ్‌లో నీటి మధ్య నిలబడ్డ 18 చేతుల క్వాన్ యిన్‌నీ చూశాం. ఆమె కరుణామూర్తి. ఆమె గురించి మళ్ళీ చెప్తాను.

ఆ పూటే ఇంకో ఆలయంలో నేనూ, నా సహచరుడూ భిక్షువు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఆయన మంత్రజలం చల్లి, నా సహచరుడి మణికట్టుకి తెల్లదారం కట్టాడు. నా వంతు వచ్చేసరికి దారాన్ని అతని చేతిలోనే పెట్టి, నువ్వు కట్టు అన్నట్టు సైగ చేశాడు. అతను కట్టాడు. అందరిలాగే ఫోటో కూడా దిగాం. రాత్రి హోటల్ గదిలో ఆ దారం చూసుకుంటుంటే నవ్వూ, కోపమూ కలిసే వచ్చాయి. రిజిస్టరు పెళ్ళి చేసుకుని తప్పించుకున్న మూడుముళ్ళలో ఒకటి సముద్రం దాటి వెళ్ళి మరీ వేయించుకున్నాను!

స్త్రీని తాకకూడదన్నది భిక్షువు తన బ్రహ్మచర్యం కోసం పాటించే నియమం. దానితో నాకు పేచీ లేదు. నాకు దారం కట్టడానికి అక్కడ ఒక భిక్షుణి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

అదే ఆవరణలో తెల్లబట్టలు కట్టుకున్న ఒక పెద్దావిడ ఎండుటాకులు ఊడుస్తోంది. గుండు. కనుబొమలు కూడా తీయించుకుంది. ఇలాంటి వాళ్ళని 'మే చీ' అంటారు. ఎనిమిది శీలాలు పాటిస్తారు, ఇల్లూ సంసారం వదిలేస్తారు, కానీ భిక్షుణులు కారు. ఓటు దగ్గరికొచ్చేసరికి నువ్వు సన్యాసినివి, నీకు ఓటు లేదంటారు. భిక్షువులకి దొరికే రాయితీల దగ్గరికొచ్చేసరికి నువ్వు మామూలు ఉపాసికవి, నీకు రాదంటారు. భిక్షువుకి నేల మీద తల ఆనించి మొక్కిన నేను ఆవిడకి చేతులైనా జోడించలేదు. చెప్పులు ఎక్కడ విడవాలని మాత్రం అడిగాను. సాహిత్యంలో డాక్టరేటు ఉన్న స్త్రీవాదిని నేను!

మాతో వచ్చిన కొందరు స్త్రీలు గుడి ముందు భుజాలు కప్పుకోమన్నందుకు మండిపడ్డారు. పొట్టి నిక్కర్ల మగవాళ్ళకీ అక్కడ లుంగీలు ఇచ్చారు, అది వేరే సంగతి. ఆ శాలువా మన భుజం మీద ఉండేది అరగంట. ఆ పెద్దావిడ ఒంటి మీద తెల్లబట్ట జీవితాంతం ఉంటుంది. మన కోపం మన ఒంటి దాకా వచ్చి అక్కడే ఆగిపోవడం ఏం న్యాయం?

ఈ తెల్లబట్ట వెనక ఒక చరిత్ర ఉంది. 1928లో నరీన్ ఫాసిత్ అనే సంస్కర్త కూతుళ్ళు సారా, చోంగ్‌దీ కాషాయం ధరించి శ్రామణేరులయ్యారు. వాళ్ళని అరెస్టు చేశారు, చీవరాలు తీయించారు. ఏ భిక్షువూ ఏ స్త్రీకీ దీక్ష ఇవ్వకూడదని ఆ ఏడాదే సంఘరాజు ఆజ్ఞ వేశాడు. అది నేటికీ రద్దు కాలేదు.

దానికి చెప్పే కారణం వినడానికి చాలా శాస్త్రీయంగా ఉంటుంది. వినయ నియమం ప్రకారం స్త్రీకి ముందు భిక్షుణీ సంఘం, తర్వాత భిక్షు సంఘం ఉపసంపద ఇవ్వాలి. థేరవాదంలో భిక్షుణీ పరంపర దాదాపు వెయ్యేళ్ళ కిందటే తెగిపోయింది. ఇచ్చే స్త్రీలు లేరు గనక పుచ్చుకునే స్త్రీలు ఉండడానికి వీల్లేదు. ద్వేషంతో అంటున్న మాట కాదమ్మా, నియమం అలా ఉంది అంటారు. మనకి ఈ గొంతు కొత్తా?

సరే, నియమమే మాట్లాడుకుందాం. శ్రీలంకలో ఒకప్పుడు మగవాళ్ళ పరంపర కూడా తెగింది. ఉపసంపద ఇవ్వడానికి సరిపడా భిక్షువులు లేకపోయారు. అప్పుడు రాజు కీర్తి శ్రీ రాజసింహ రాయబారం పంపితే, 1753లో సయాం నుంచి ఉపాలి థేరుడు భిక్షువులతో ఓడలో వచ్చి పరంపరని తిరిగి నిలబెట్టాడు. ఈనాటికీ లంకలో దాన్ని సయాం నికాయమనే పిలుస్తారు. సయాం అంటే నేటి థాయ్‌లాండే. మగవాళ్ళ దారం తెగితే ముడి వేయడానికి సముద్రం అడ్డు రాలేదు. ఆడవాళ్ళ దారం తెగితే అది ధర్మ నిర్ణయమైపోయింది.

నిజానికి ఆడవాళ్ళ దారం పూర్తిగా తెగలేదు కూడా. 5వ శతాబ్దంలో దేవసార నాయకత్వంలో లంక భిక్షుణులు చైనా వెళ్ళి అక్కడి స్త్రీలకి ఉపసంపద ఇచ్చారు. ఆ పరంపర తూర్పు ఆసియాలో బతికింది. 1996లో సారనాథ్‌లో, 1998లో బోధ్‌గయలో శ్రీలంక స్త్రీలు తూర్పు ఆసియా భిక్షుణుల సాయంతో దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. థాయ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు చత్సుమాన్ కబిల్‌సింగ్ ఆ శ్రీలంకకే వెళ్ళి 2001లో శ్రామణేరిగా, 2003లో భిక్షుణిగా దీక్ష తీసుకుని ధమ్మనంద అయింది. లంకకి మగవాళ్ళ పరంపరని ఇచ్చిన దేశం, లంక నుంచి వచ్చిన ఆడవాళ్ళ పరంపరని మాత్రం గుర్తించనంటోంది. చైనా వాళ్ళది మహాయానం, మాది థేరవాదం, అది మాకు చెల్లదంటుంది.

ఇక్కడే వాట్ ప్లాయ్ లేమ్‌లోని క్వాన్ యిన్ గుర్తొస్తుంది. ఆమె ఎవరు? మన అవలోకితేశ్వరుడే. ఇక్కడ పురుషుడిగా బయల్దేరి చైనాలో స్త్రీ అయిన మహాయాన బోధిసత్త్వుడు. థేరవాద ద్వీపంలో ఆమెకి అంత పెద్ద విగ్రహం కట్టారు. అగరొత్తులు, పూలు, హుండీలు అన్నీ చెల్లుతాయి. మహాయాన దేవత చెల్లుతుంది, మహాయాన భిక్షుణుల చేతి మీదుగా వచ్చిన దీక్ష మాత్రం చెల్లదు! విగ్రహం సంఘంలో వాటా అడగదు కదా. స్త్రీని దేవతని చేసి మనిషిని గడప బయట నిలబెట్టే విద్య మనదొక్కటే అనుకునేదాన్ని.

థాయ్ సమాజంలో ఒక నమ్మకం ఉంది. కొడుకు దీక్ష తీసుకుంటే ఆ పుణ్యంతో తల్లి అతని చీవరం అంచు పట్టుకుని స్వర్గానికి వెళ్తుందట. కొన్నాళ్ళు భిక్షువుగా ఉండి కొడుకు తల్లి రుణం తీర్చుకుంటాడు. మరి కూతురు? ఆమెకి చీవరమే లేదు, తల్లి పట్టుకోడానికి అంచెక్కడిది? ఆమె డబ్బు పంపి తీర్చుకోవాలి. ఈశాన్య పల్లెల నుంచి ఇలాంటి సెలవుల ద్వీపాలకి వచ్చి హోటల్ గదులు తుడిచే, మసాజు చేసే, బార్లలో పనిచేసే కూతుళ్ళలో ఎందరో ఇంటికి పంపే డబ్బులో ఆ రుణం కూడా ఉంది. ధమ్మనంద తన రచనల్లో ఈ సంబంధాన్ని ఎత్తి చూపింది. అన్నిటికీ మతమే కారణమని నేననను. పేదరికం ఉంది, పర్యాటక వ్యాపారం ఉంది. కానీ గుడి ప్రశాంతతనీ, బార్ వీధినీ వేర్వేరు లోకాలుగా ఫోటో తీసుకోవడం మనకి మాత్రమే వీలైన సౌకర్యం.

ఈ మాటలంటే కొందరు మిత్రులకి నచ్చలేదు. "ఈ రోజుల్లో బౌద్ధాన్ని విమర్శిస్తే ఎవరికి లాభమో ఆలోచించావా?" అన్నారు. ఆలోచించాను. 2018లో శబరిమల తీర్పు వచ్చినప్పుడు, 2019 జనవరి 1న కేరళ స్త్రీలు గోడ కట్టి నిలబడినప్పుడు మనం ఎవరికి లాభమని లెక్కలు వేసుకోలేదు. అంబేడ్కర్ బౌద్ధాన్ని స్వీకరించింది కళ్ళు మూసుకుని కాదు. స్త్రీలని తక్కువ చేసే మాటలు బుద్ధుడి నోట కనిపించిన చోట, ఇవి తర్వాతి భిక్షువులు చేర్చినవని 1951 నాటి వ్యాసంలో వాదించాడు. భిక్షువుల చేతిలో గ్రంథం ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆ అనుమానమే ఆయన మనకిచ్చిన ఆస్తి. దాన్ని వదిలేసి ఉత్త గౌరవం మిగుల్చుకుంటామా?

చివరికి నా తప్పు కూడా చెప్పాలి. నా సిద్ధాంత వ్యాసంలో ఒక వాక్యం రాశాను, 'బౌద్ధం స్త్రీలకు సంఘంలో స్థానం కల్పించింది' అని. ఆధారాలూ చూపించాను. నాగార్జునకొండ మహాచైత్యం కట్టించిన ఇక్ష్వాకు రాజకుటుంబపు చాంతిసిరి, సింహళ భిక్షువుల కోసం కట్టడాలు కట్టించిన ఉపాసిక బోధిసిరి, అమరావతి శాసనాల్లో దాతలుగా కనిపించే భిక్షుణులు. అన్నీ నిజాలే. అమరావతిలో రాళ్ళకెక్కిన భిక్షుణుల పేర్లు తర్వాత ఏమయ్యాయని మాత్రం అడగలేదు. నా పర్యవేక్షకుడూ అడగలేదు, పరీక్షకులూ అడగలేదు. గతంలో ఉన్న గౌరవాన్ని తలచుకుని వర్తమానాన్ని క్షమించేయడం మనకి అంత అలవాటు. వేదకాలపు గార్గి, మైత్రేయిల పేర్లు చెప్పి మన నోరు మూయించేవాళ్ళ మీద మనం కోప్పడతాం. నేను చేసిందీ అదే పని.

దక్షిణ థాయ్‌లాండ్‌లోనే సొంగ్‌ఖ్లా సరస్సులో కో యో అనే ఇంకో ద్వీపం ఉంది. అక్కడ భిక్షుణీ ఆరామం ఉంది. 2014లో శ్రీలంక నుంచి వచ్చినవాళ్ళ చేతుల మీదుగా అక్కడ స్త్రీలు దీక్ష తీసుకున్నారు. ఆ వెంటనే సంఘ పాలకమండలి 1928 ఆజ్ఞని మళ్ళీ ఖాయం చేసింది. అయినా వాళ్ళు చీవరాలు విప్పలేదు. మా పర్యటన పట్టికలో ఆ ద్వీపం లేదు. పెట్టించాలని నాకూ తోచలేదు. ఈసారి వెళ్ళేవాళ్ళు నల్ల కళ్ళద్దాల భిక్షువుని చూడండి, 18 చేతుల తల్లినీ చూడండి. ఆకులు ఊడ్చే తెల్లబట్టల ఆవిడ కనిపిస్తే ముందు ఆవిడకి చేతులు జోడించండి. తిరిగొచ్చి యాత్రాకథనం రాసేటప్పుడు ప్రశాంతత గురించి రాసిన పేజీలోనే ఆవిడ గురించి కూడా రాయండి. నా వాక్యం నేను దిద్దుకుంటున్నాను: బౌద్ధం స్త్రీలకు సంఘంలో స్థానం కల్పించింది, భిక్షువులు దాన్ని మూసేశారు, స్త్రీలు మళ్ళీ తెరుస్తున్నారు.