‘మన దగ్గరే నయం’ అనే ‘మనం’ ఎవరం?

ఉప్పల్‌లో ఏ అపార్ట్‌మెంటు కింద నలుగురు పెద్దలు కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది: “అమెరికా వైద్యమా! పేరు గొప్ప, ఊరు దిబ్బ. మన దగ్గరే నయం.” చెప్పేవాళ్లు చూసొచ్చినవాళ్లే. పిల్లల దగ్గరికి వెళ్తూ సూట్‌కేసులో ఆవకాయ పక్కన ఆరు నెలల బీపీ మాత్రలు సర్దుకున్నవాళ్లే.

అమెరికా మీద వాళ్ల ఫిర్యాదులు నిజమే. దేశ ఉత్పత్తిలో ఆరో వంతుకు పైగా వైద్యానికి పోసి కూడా కోట్ల మందిని బీమా లేకుండా వదిలేసిన దేశమది. నా తగువంతా ‘మన దగ్గర’ అన్న మాటతోనే. రాత్రి అనుకుంటే పొద్దున్నే ఎంఆర్‌ఐ అయిపోతుందంటారు. నిజమే, డబ్బు కట్టలేనివాళ్లు ఆ వరసలోకే రారు కాబట్టి. 2021-22లో మన దేశంలో వైద్యానికైన ప్రతి 100 రూపాయల్లో 39 రూపాయలు జనం జేబులోంచి నేరుగా పోయినవే. అమెరికాలో ఆ వాటా 11 దరిదాపుల్లో ఉంటుంది. చవక అన్నది ఎవరి జేబుకు?

ఉప్పల్ నుంచి ఓ రెండు స్టేజీలు అవతలికి, నాచారం పారిశ్రామికవాడకు వెళ్దాం. 15,000 జీతగాడు తన వాటాగా 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడతారు. మొత్తం నెలకు 600. దానికి కుటుంబమంతటికీ ఈఎస్‌ఐ వైద్యం. ఒక్కో రోగికి ఇంతేనని ఖర్చుకు హద్దు లేదు. 1948 నాటి చట్టంతో వచ్చిన ఈ పథకం అమెరికావాళ్లు వచ్చి నేర్చుకోదగ్గదని నా అభిప్రాయం.

కానీ జీతం 21,000 దాటిందా, కట్టిన చందాకు వర్తించే గడువు ముగియగానే కార్డు పోతుంది. 2017లో పెట్టిన హద్దది. పోనీ ఆరోగ్యశ్రీ అంటే రేషన్ కార్డు కావాలి, పట్నంలో దాని ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. నెలకు 22,000 అంటే ఏడాదికి 2,64,000. అటూ కాదు, ఇటూ కాదు. ఉద్యోగాన్ని బట్టీ జీతాన్ని బట్టీ రోగిని తూచే జబ్బు అమెరికాదే అనుకుంటున్నాం!

నాకు తెలిసిన ఫిట్టర్ ఒకతను జీతం పెంపు కాగితం చేతిలో పట్టుకుని సూపర్‌వైజర్‌ను బతిమాలాడు: “ఇప్పుడే పెంచకండి సార్. అమ్మకు డయాలసిస్ నడుస్తుంది.”