విమానమెక్కే కుక్కకు వీధి కుక్కే పూచీ

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెంచుకున్న కుక్కను వెంటబెట్టుకుని ఉద్యోగం కోసం జర్మనీ వెళ్లాలనుకునే కుటుంబం కనీసం నాలుగు నెలల ముందే ఆ పనిలో దిగాలి. మొదట మైక్రోచిప్ వేయించాలి. తర్వాత రేబిస్ టీకా. టీకా వేశాక 30 రోజులు ఆగి రక్తం తీయించి, ఐరోపా సమాఖ్య గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. మిల్లీలీటరు రక్తరసిలో యాంటీబాడీలు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గలేదని తేలినా, రక్తం తీసిన రోజు నుంచి మరో 3 నెలలు గడవాలి. అమెరికాకైతే 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. మన దేశంలో టీకా వేయించుకున్న కుక్క అక్కడి ప్రభుత్వం నమోదు చేసిన సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. ఆ కేంద్రంలో దాన్ని పరీక్షించి మళ్లీ టీకా వేస్తారు. రక్తపరీక్ష ఫలితం చేతిలో లేకపోతే 28 రోజుల క్వారంటైన్ తప్పదు, ఆ ఖర్చంతా యజమానిదే. ఆస్ట్రేలియా మన దేశం నుంచి నేరుగా కుక్కను రానివ్వనే రానివ్వదు. అదే మెక్సికోలో పెరిగిన కుక్కను జర్మనీలో ఈ రక్తపరీక్ష అడగరు. అమెరికాలో అడుగుపెట్టడానికి దానికి ఆరు నెలల వయసు, మైక్రోచిప్, నింపిన ఒక ఫారం ఉంటే దాదాపు సరిపోతుంది.

ఈ తేడా కుక్కల జాతిని బట్టో, యజమానుల హోదాను బట్టో వచ్చింది కాదు. మెక్సికో 1990లో దేశమంతటా కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేయడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ఆపకుండా సాగించింది. కుక్కల వల్ల సోకే రేబిస్‌తో మనుషులు చనిపోవడాన్ని అరికట్టిన తొలి దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గుర్తించింది. మెక్సికో సంపన్న దేశమేమీ కాదు. వీధుల్లో కుక్కలు లేని దేశం అంతకన్నా కాదు. ప్రపంచంలో రేబిస్‌తో పోతున్న ప్రాణాల్లో మూడోవంతు మన దేశంలోనేనని అదే సంస్థ అంచనా. శంషాబాద్‌లో విమానమెక్కే లాబ్రడార్ మెడకు పడుతున్న షరతులు ప్రధానంగా ఈ పరిస్థితి నుంచి పుట్టినవే. అందుకే విదేశాల నిబంధనలను తిట్టుకోవడం దండగ. మార్చాల్సింది మన వీధుల్లోని పరిస్థితిని.

'మా కుక్క అపార్ట్‌మెంట్ గడప దాటలేదు, ఏటా టీకా వేయిస్తున్నాం, ఇంకా దానికెందుకీ శిక్ష' అని యజమానులు అడుగుతారు. వారి బాధ నిజం. విమానంలో బోనులో గంటలు గడిపే మూగజీవి బాధ అంతకన్నా నిజం. కానీ రేబిస్ క్రిమి ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అన్నాళ్లూ కుక్క ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కాగితాలనైనా నమ్ముదామంటే, 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి అమెరికా చేరిన ఒక కుక్కకు టీకా ధ్రువపత్రం ఉంది. అయినా పెన్సిల్వేనియాలో దానికి రేబిస్ ఉన్నట్టు తేలింది. కుక్కల్లో తిరిగే రేబిస్‌ను 2007 నాటికే తరిమేసిన దేశం అంత తేలిగ్గా మళ్లీ ఆ ప్రమాదం తెచ్చుకోదు. వీధిలో జబ్బు తిరుగుతున్నంత కాలం ఇంట్లో కుక్క కాగితాన్ని కూడా ఎదుటి దేశం అనుమానంగానే చూస్తుంది.

ఇదంతా డబ్బున్నవారి గొడవ, కుక్కకాటుకు పిల్లలు చనిపోతుంటే పెంపుడు కుక్క ప్రయాణం గురించి మాట్లాడటమేమిటి అన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. నిజానికి రెండింటికీ మూలం ఒకటే. రేబిస్ అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో సుమారు 40 శాతం పదిహేనేళ్లలోపు పిల్లలే. పనికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలు వీధిలో ఆడుకుంటారు, కాటు వాళ్లకే పడుతుంది. ఆ పిల్లలను కాపాడే టీకా, ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లే కుక్కకు దారి తెరిచే టీకా వీధి కుక్కకు వేసే ఆ ఒక్కటే. కుక్కలను ఎక్కడికో తరలించేస్తే సరిపోతుందని కొందరంటారు. అలా ఖాళీ అయిన చోటికి టీకా పడని కొత్త కుక్కలు వచ్చి చేరతాయి. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి ఏటా టీకా పడితే వ్యాప్తి గొలుసు తెగుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. గోవా ఆ పని చేసి చూపించింది. అక్కడ ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి టీకాలు వేసి, కాటు జరిగితే ఎక్కడ, ఏ కుక్క అని ఆరా తీయడంతో కుక్కల్లో రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయి. 2021లో రాష్ట్రాన్ని రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు.

2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలిస్తామని కేంద్రం 2021లోనే కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. గడువు దగ్గర పడుతోంది. వీధి కుక్కల స్టెరిలైజేషన్ సంఖ్యలు అప్పుడప్పుడు వినిపిస్తున్నా, మన వార్డులో ఎన్ని కుక్కలున్నాయి, వాటిలో ఈ ఏడాది ఎన్నింటికి టీకా పడింది అన్నది సామాన్యుడికి తెలిసే దారి ఉండాలి. ఈ ప్రశ్న అడగగల బలం పెంపుడు కుక్కల యజమానులకుంది. విమాన టికెట్‌కు, ల్యాబ్‌కు, క్వారంటైన్ గదికి వేలకు వేలు పోయడానికి సిద్ధపడేవారు, గుమ్మం ముందు తిరిగే కుక్క టీకా కోసం కార్పొరేటర్‌ను నిలదీయడానికీ సిద్ధపడాలి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ నగరపాలక సంస్థలు వార్డులవారీగా టీకా లెక్కలను మూడు నెలలకోసారి ప్రకటించాలి. 70 శాతం దాటని వార్డుల్లో మళ్లీ బృందాలను దింపాలి.