చౌక డ్రోన్ల కొనుగోలు: మనం అడగవలసిన ప్రశ్నలు

2025 మే 9న ఢిల్లీలో జరిగిన పత్రికా సమావేశంలో కల్నల్ సోఫియా ఖురేషీ ఒక విషయం తెలిపారు. అంతకు ముందు రాత్రి పాకిస్తాన్ 36 ప్రదేశాలపైకి సుమారు 300 నుండి 400 డ్రోన్లను పంపింది. మూడు రోజుల తరువాత మధ్యప్రదేశ్ మంత్రి ఒకరు ఆమె మతాన్ని ఎత్తిచూపుతూ అవమానకరంగా మాట్లాడారు. మే 14న ఆ రాష్ట్ర హైకోర్టు తనంతట తానుగా స్పందించి కేసు నమోదుకు ఆదేశించింది. ఆ అవమానం గురించి మన ఇళ్లలో, మన సభల్లో ఎంతో చర్చ జరిగింది, జరగవలసిందే. కానీ ఆమె దేశానికి చెప్పిన విషయం గురించి మాత్రం మనం దాదాపు మాట్లాడుకోలేదు.

అన్ని డ్రోన్లు ఒకే రాత్రి ఎలా వచ్చాయి? చౌక కనుక వచ్చాయి. ఉక్రెయిన్ యుద్ధంలో కొన్ని వందల డాలర్ల చిన్న డ్రోను కోట్ల విలువైన ట్యాంకును ధ్వంసం చేయడం ప్రపంచమంతా చూసింది. పెళ్లి వీడియోలు తీసే డ్రోన్లను యుద్ధానికి వాడుతున్నారని తెలిసి చైనా కంపెనీ డీజేఐ 2022 ఏప్రిల్‌లో రష్యా, ఉక్రెయిన్‌లలో వ్యాపారం నిలిపివేసింది. అయినా వాడకం ఆగలేదు. 2025 జులైలో అమెరికా రక్షణ శాఖ చిన్న డ్రోన్లను విమానాల వలె గాక తూటాల వలె, వాడి పారవేసే సరుకుగా లెక్కించాలని నిర్ణయించింది. మన రక్షణ శాఖ కూడా అదే ఏడాది జూన్‌లో అత్యవసర కొనుగోళ్ల కింద 1,981.90 కోట్ల రూపాయలకు 13 ఒప్పందాలు చేసుకున్నది. వాటిలో డ్రోన్లూ ఉన్నాయి.

సైన్యానికి డ్రోన్లు కావాలి. ఇందులో ఎవరికీ సందేహం ఉండనక్కరలేదు. సందేహమంతా కొనే పద్ధతి మీదనే. గుమాస్తాగా టెండరు కవర్లు తెరిచిన చేయి నాది. అతి తక్కువ ధర వేసినవానికే పని దక్కే నియమం కుర్చీల కొనుగోలులో ఏం చేస్తుందో అందరికీ తెలుసు: మొదటి ఏడాదే కాలు విరుగుతుంది. డ్రోను విషయంలో అది సైనికుని ప్రాణానికే ముప్పు. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది గాని విడిభాగాల దిగుమతిని అనుమతించింది. ఫలితం ఊహించదగినదే. చైనా భాగాలు ఉన్నాయన్న కారణంతో 400 రవాణా డ్రోన్ల ఒప్పందాలను, సుమారు 230 కోట్ల రూపాయల విలువైన వాటిని, 2025 ఫిబ్రవరిలో రద్దు చేయవలసి వచ్చింది. సంతకాలు పెట్టకముందు చేయవలసిన తనిఖీ ఆ తరువాత జరిగింది. దీని గురించి అడిగే పౌరుని దేశభక్తిని ఎవరూ శంకించరాదు. ముస్లిం అడిగినా అంతే.

ఇక మన మనసును కలచివేసే సంగతి. హైదరాబాద్‌లో అదానీ సంస్థ, ఇజ్రాయిల్ కంపెనీ ఎల్బిట్ కలిసి నడుపుతున్న కర్మాగారం నుండి హెర్మెస్ 900 డ్రోన్లు ఇజ్రాయిల్‌కు వెళ్లినట్లు 2024 ఫిబ్రవరిలో వార్తలు వెలువడ్డాయి. అవి పెద్ద డ్రోన్లు. చిన్నవాటి కథ ఇంకా దారుణం: దుకాణంలో దొరికే ఆటెల్ కంపెనీ డ్రోన్లకు గ్రెనేడ్లు కట్టి గాజాలో ఇళ్లకు తిరిగివచ్చే పౌరులపై వదులుతున్నారని ఇజ్రాయిల్ పాత్రికేయులే 2025 జులైలో బయటపెట్టారు. ఆయుధం చౌక అయినకొద్దీ దానిని వాడేవాని సంకోచం కూడా తగ్గిపోతుంది. తెలుగు గడ్డపై తయారైన సరుకు ఎవరి చేతికి చేరుతుందో తెలుసుకునే హక్కు ఇక్కడి ప్రజలకు లేదా?

సరిహద్దులో వాడిన పరికరం ఊళ్లోకి రావడానికి ఎక్కువ కాలం పట్టదు. 2024 ఫిబ్రవరిలో శంభు సరిహద్దు వద్ద హర్యానా పోలీసులు రైతులపై డ్రోన్లతో బాష్పవాయు గోళాలు జారవిడిచారు. అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు విజయవాడలో అదే డ్రోను అన్నం పొట్లాలు మోసింది. కనుక యంత్రాన్ని తిట్టి ప్రయోజనం లేదు. దానిని ఎగురవేసేవానికి ఏ నియమం వర్తిస్తుందన్నదే ప్రశ్న. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమేమో, కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలను భద్రత పేరిట తన పరిధి నుండి మినహాయించే వీలు కల్పించింది. మీలాదున్నబీ ఊరేగింపుపై ఎగిరే కెమెరా తీసిన బొమ్మలు ఎన్నాళ్లు భద్రపరుస్తారు? ఎవరు చూస్తారు?

మన యువకులు ఈ రంగానికి దూరంగా ఉండడం కూడా నష్టమే. 2021 డ్రోన్ నియమాల ప్రకారం పదో తరగతి ఉత్తీర్ణులై 18 ఏళ్లు నిండినవారు గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొంది పైలట్ ధ్రువపత్రం తీసుకోవచ్చు. ఓర్వకల్లులో రాష్ట్ర ప్రభుత్వం డ్రోన్ సిటీ తలపెట్టింది. తిరువూరు మామిడి తోటల్లో మందు పిచికారీకి కూడా పైలట్ కావాలి. మసీదు కమిటీలు వేసవి సెలవుల్లో ఈ సమాచారం పిల్లలకు అందేలా చూడాలి.

సైనిక రహస్యాలు మనం అడగనక్కరలేదు; చట్టం ఇవ్వదు కూడా. జిల్లా పోలీసు వద్ద ఎన్ని డ్రోన్లు ఉన్నాయి, వాటిని వాడేందుకు లిఖితపూర్వక ఉత్తర్వు ఏది, చిత్రాలను ఎప్పుడు చెరిపివేస్తారు అన్న మూడు ప్రశ్నలు మాత్రం సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జిల్లా స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రసీదు తప్పక తీసుకోండి.