తల్లికి తలుపు తెరువుడు

పురిటింట వినబడు శిశురోదనమును మించి ఇంటిల్లిపాదికిని ఆనందము గూర్చు ధ్వని వేరొకటి లేదు. నెలలు నిండకయు, బరువు చాలకయు పుట్టిన శిశువు విషయమున ఈ యానందము నిలుచునది కాదు. పుట్టిన గడియలోనే ఆ పసికందును తల్లి యొడినుండి తీసికొనిపోయి, అద్దపు పెట్టెలోనో, వార్మరు క్రిందనో పరుండబెట్టి, తలుపు మూయుచున్నారు. తలుపునకు ఆవల బిడ్డ. ఈవల పచ్చి బాలింతరాలగు తల్లి. ఆ తలుపును గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

వైద్యులను నిందించుట మా యుద్దేశము కాదు. 2003వ సంవత్సరమున పశ్చిమ వంగమునందలి పురూలియాలో జిల్లా ఆసుపత్రియందు నెలకొల్పబడిన నవజాతశిశు ప్రత్యేక చికిత్సావిభాగము ఆదర్శమై, అట్టి విభాగములు దేశమంతటను వ్యాపించినవి. సజీవముగ పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 28 దినములు నిండకమున్నే మృతి నొందువారు 2010లో 33 మంది కాగా, 2020 నాటికి 20 మందికి తగ్గిరి. 2030 నాటికి ఈ సంఖ్యను పదింటికి లోపలికి దింపవలెనని 2014లో ప్రభుత్వము సంకల్పించినది. యంత్రములును, ఔషధములును, రాత్రింబవళ్లు మేలుకొను నర్సులును సాధించిన ఈ ఫలితము శ్లాఘనీయము.

ఐనను, చికిత్స యెట్లున్నదని తల్లి నడిగినవారెవరు? అడిగితిమనియు, తల్లులందరు తృప్తిగనే యున్నారనియు అధికారులు బదులు చెప్పవచ్చును. అడిగిన విధమును విచారింపవలెను. బిడ్డ ఇంకను లోపలనే యుండగా, ఆ విభాగపు ఉద్యోగియే కాగితము చేతబట్టి "అంతయు బాగున్నదా, అమ్మా?" యని యడిగినచో, "బాగున్నది బాబూ" యని చేతులు జోడించుట తప్ప ఆ తల్లి మరేమి చేయగలదు? బిడ్డప్రాణము ఎవరి చేతిలో నున్నదో వారి లోపములను వారి యెదుటనే యెన్నగల తల్లి యెచట నున్నది? అది కృతజ్ఞత కావచ్చును, భయము కావచ్చును. తృప్తి మాత్రము కాదు. బిడ్డ యింటికి చేరిన పిమ్మట, ఆసుపత్రితో సంబంధము లేనివారు, "మీ బిడ్డ స్థితిని దినమునకు ఎన్నిసార్లు తెలిపిరి? ఎన్నవనాడు బిడ్డను తాకనిచ్చిరి? రాత్రి యెచట పరుంటిరి?" అని విడివిడిగ ప్రశ్నించినగాని నిజము బయటపడదు.

తల్లి తృప్తి కేవలము మర్యాదకు సంబంధించిన విషయమని కొందరు తలతురు. అది పొరపాటు. 1978 ప్రాంతమున కొలంబియా దేశపు బొగోటా నగరమున, ఇంక్యుబేటరులు చాలని కాలమున, డాక్టరు ఎడ్గార్ రే శిశువులను తల్లుల యెదపైననే యుంచి కాపాడు పద్ధతిని ప్రారంభించెను. నేడు దానినే కంగారూ మాతృసంరక్షణ మనుచున్నారు. లేమినుండి పుట్టిన ఈ ఉపాయము కలిమిగల దేశములకును మార్గదర్శకమైనది. ప్రపంచారోగ్యసంస్థ పక్షమున ఘానా, మలావి, నైజీరియా, టాంజానియా దేశములయందును, మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియందును, ఒక కిలో మొదలు 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది శిశువులపై జరిగిన పరిశోధన 2021లో ప్రకటితమైనది. ఒక తెగ శిశువులను పుట్టినది మొదలు దినమునకు సుమారు 17 గంటలు తల్లి యెదపై నుంచి, తల్లికిని చికిత్సావిభాగముననే మంచము వేసిరి. రెండవ తెగవారికి స్థితి కుదుటబడిన తరువాతనే ఆ స్పర్శ లభించెను. 28 దినములలో రెండవ తెగయందు నూటికి 15.7 మంది మరణింపగా, మొదటి తెగయందు 12 మందియే మరణించిరి. ఇంత స్పష్టమైన మేలును ఒక తెగకు నిరాకరించుట న్యాయము కాదని పరిశోధనను ముందుగనే నిలిపివేసిరి. తల్లి చుట్టపుచూపుగ వచ్చునది కాదు. ఆమెయే ఒక ఔషధము.

తల్లి లోనికి వచ్చినచో అంటురోగములు సోకునని యాక్షేపింతురు. పై పరిశోధనలో తల్లి చెంత నున్న శిశువులయందే అట్టి అనుమానములు తక్కువగ కన్పట్టినవి. చేతులు కడుగు విధమును, శుభ్రవస్త్రధారణమును నేర్పి తల్లిదండ్రులను శుశ్రూషలో భాగస్వాములను చేయవలెనని కేంద్ర ఆరోగ్యశాఖయే 2017లో నియమావళిని వెలువరించినది. మన యిండ్లలోని పెద్దల యాక్షేపణ వేరొకటి: బాలింతరాలు గడప దాటరాదందురు. బాలింతకు వెచ్చదనము, పథ్యము, విశ్రాంతి కావలెననుట సత్యమే. అవి బిడ్డ చెంతనే ఆమెకు సమకూర్చినచో ఆచారమునకు వచ్చిన లోపమేమి?

అసలు చిక్కు ఇచటనే యున్నది. 2011లో ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము సుఖప్రసవమైన తల్లికి 3 దినములు, శస్త్రచికిత్స జరిగిన తల్లికి 7 దినములు ఉచితభోజనము విధించినది. కిలోన్నర బరువు బిడ్డ వారములతరబడి లోపలనే యుండవలసివచ్చును. ఆ గడువు దాటిన పిమ్మట పల్లెనుండి వచ్చిన పేదతల్లి యేమి తినును? ఎచట పరుండును? వరండాలో కొంగు పరచుకొని పరుండిన తల్లికి పాలెట్లు పడును?

కావున ప్రభుత్వమును మేము కోరునది స్వల్పము. బిడ్డ లోపల నున్నన్నాళ్లు తల్లికి మంచమును, భోజనమును బిడ్డ చెంతనే కల్పింపవలెను. దినమునకొక్కసారియైన వైద్యుడు తెలుగులో, ఆమెకు తెలియు మాటలలో బిడ్డ స్థితిని వివరింపవలెను. నర్సుల సంఖ్యను పెంపవలెను. పదిమంది శిశువులను ఒక్కతెయే చూచుచోట మెత్తని మాటకు తావుండదు.

మన ధనవంతులకును ఒక మాట. యాత్రికులకు సత్రములు కట్టించిన వంశములు మన దేశమున పెక్కు గలవు. జిల్లా ఆసుపత్రి ఆవరణమున బాలింతలకొక వసతిగృహమును కట్టించువారికి అంతకు తక్కువ పుణ్యము లభింపదు. తలుపునకు ఈవల నిలిచిన ఆ తల్లి ఎవరి యాడుబిడ్డయో యని యెంచక, మన యాడుబిడ్డయే యని తలచి, ఆ తలుపు తెరిపింతుము గాక!