గాలి కారుట – సంఘపు సొమ్ము కారుట



సంఘపు ట్రాక్టరు షెడ్డులోని గాలి కంప్రెసరునకు బలము చాలుట లేదనియు, ఇంతకంటె పెద్దది కొనవలయుననియు సభలలో తఱచుగా వినబడుచుండును. యంత్రమును మార్చుటకు ముందు దాని అతుకులను పరీక్షింపవలయునని నా అభిప్రాయము. పరీక్షింపకయే తీర్మానము చేయుట వాటాదారుల సొమ్మును గాలిలో కలుపుటయే యగును. గట్టునకు గండి పడియుండగా, దానిని పూడ్చక బోరు మోటారును పెద్దది చేయు రైతును మనము మెచ్చుకొందుమా?

"గాలికి వెల యేమి? కొంచెము పోయిన నేమి?" అని కొందఱు నవ్వుదురు. గాలికి వెల లేదు. దానిని అదిమి ట్యాంకులో నింపుటకు వెల గలదు. ఒక లెక్క చూడుడు. 200 లీటర్ల ట్యాంకుపై గేజి ముల్లు 10 నిమిషములలో 7 కిలోల నుండి 6 కిలోలకు దిగెననుకొందము. అనగా సుమారు 200 లీటర్ల బయటిగాలి, నిమిషమునకు 20 లీటర్ల చొప్పున, పోయినదన్నమాట. 2 అశ్వశక్తుల మోటారుతో నిమిషమునకు 160 లీటర్లు నింపు యంత్రమైనచో, దాని శక్తిలో ఎనిమిదవ వంతు ఈ కారుటకే పోవును. స్విచ్చి ఆర్పక రాత్రింబగళ్లు వదలినచో అది దినమునకు 3 గంటలు వృథాగా తిరిగి, నెలకు సుమారు 135 యూనిట్ల కరెంటు తినును. దానివలన ఒక్క టైరైనను నిండదు.

పరీక్షకు ఖర్చు లేదు. ట్యాంకును పూర్తిగా నింపి స్విచ్చి ఆర్పుడు. నింపిన గాలి వేడిగా నుండి, చల్లారుకొలది ముల్లు కొంత దిగును. కావున ట్యాంకు చల్లారినపిమ్మటనే ముల్లును గుర్తింపవలయును. మొదట ట్యాంకు వాల్వు మూసి చూడుడు. ముల్లు నిలిచి, వాల్వు తెఱచినప్పుడు మాత్రమే దిగినచో దోషము గొట్టములలోనో కప్లింగులలోనో యున్నది. పిమ్మట సబ్బునీటిని కుంచెతో ప్రతి అతుకునకు పూయుడు. బుడగ లేచినచోటనే గాలి పోవుచున్నది. మోటారు ఆగిన తరువాత ప్రెషరు స్విచ్చి వద్ద బుస్సుమను చప్పుడు కొంచెము సేపటికి ఆగవలయును. ఆగనిచో ట్యాంకునకు గాలి పోవు దారిలోని చెక్ వాల్వును చూడవలయును.

బాగుచేయునపుడు ప్లగ్గు తీసి, ముల్లు సున్నకు దిగువఱకు గాలి వదలుడు. గాలి యుండగా స్పానరు పట్టరాదు. మరను విప్పి, పాత టేపును తుడిచి, మర కొన మనవైపు ఉంచుకొని, గడియారపు ముల్లు తిరుగు దిక్కున టెఫ్లాన్ టేపును రెండు మూడు చుట్లు చుట్టుడు. మొదటి మరను వదలివేయుడు. అట్లు వదలనిచో టేపు తునకలు వాల్వులలో చేరును. రబ్బరు వాషరుతో బిగియు కప్లింగునకు టేపు పనికిరాదు, వాషరునే మార్చవలయును. ఇత్తడి ఫిట్టింగును బలమంతయు పెట్టి బిగించినచో పగులును.

ఒక్క విషయమున మాత్రము పొదుపు తగదు. బుడగలు అతుకున గాక ట్యాంకు రేకుననే లేచినచో, లోపలి తుప్పు రేకును తినివేసినదని తెలియవలయును. అట్టి ట్యాంకునకు మాసిక వేయింపరాదు. పగిలినచో ప్రాణహాని కలుగును. దానిని తీసివేయుటకే నేను చేయెత్తుదును. ఆ దుస్థితి రాకుండుటకు దినదినము అడుగు కుళాయి విప్పి నీటిని వదలవలయును. సేఫ్టీ వాల్వు కారుచున్నదని దానిని మూసివేయుట అన్నిటికంటె మూర్ఖత్వము. ప్రెషరు స్విచ్చి సరిగా ఆర్పుచున్నదో లేదో చూచి, వాల్వుదే దోషమైనచో క్రొత్త వాల్వు వేయింపుడు.

ఈ పనులలో ఏదియు కష్టము కాదు. అయినను జరుగకుండుటకు కారణమేమి? అందఱి వస్తువు ఎవరి వస్తువును కాకపోవుటయే. తన స్ప్రేయరు కారిన నాడే బాగుచేయించు రైతు, సంఘపు గొట్టము బుసకొట్టుచున్నను విని వెడలిపోవును. కావున ప్రతి సంఘమును ఒక మనిషికి ఈ బాధ్యతను పేరుపెట్టి యొప్పగింపవలయును. నెలకొకసారి 10 నిమిషములలో ముల్లు ఎంత దిగెనో పుస్తకమున వ్రాయింపవలయును. క్రొత్త యంత్రపు తీర్మానము వచ్చినపుడు మీరు మొదట ఆ పుస్తకమును అడుగుడు. అతుకులన్నియు బిగిసియున్నను గాలి చాలనిచో, పెద్ద యంత్రమును సంతోషముగా కొందము.