కూలి మగ్గానికి నోటీసు గడువు: ఆంధ్రప్రదేశ్ చేనేత, కార్మిక శాఖలకు బహిరంగ లేఖ

ధర్మవరం పట్టుచీర చాలావరకు కూలి మగ్గం మీదే పుడుతుంది. ఇల్లు నేతగానిది, మగ్గం నేతగానిది. వార్పు (పడుగు), రేషం (పట్టు దారం), జరీ మాస్టర్ వీవర్ ఇస్తాడు. చీర అప్పజెప్పాక కూలి లెక్క కడతాడు. ఒప్పంద పత్రమంటూ సాధారణంగా ఉండదు. ఇచ్చిన రేషం తూకం, తీసుకున్న అప్పు రాసుకునే చిన్న పుస్తకమే ఇద్దరికీ ఆధారం. కాగితాల లెక్కలో ఈ నేతగాడు ఎవరి ఉద్యోగీ కాడు, సొంతంగా పని చేసుకునే మనిషి. అందుకే పని ఆపే ముందు ఎన్నాళ్ల గడువు ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ వృత్తిలో ఇప్పటికీ జవాబు లేదు.

పని ఆగిపోయిందని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. నేసిన చీర ఇచ్చి కొత్త వార్పు అడిగితే ‘వచ్చే వారం చూద్దాం’ అనే మాట వస్తుంది. ఆ వారం నెలవుతుంది. ఈలోగా మరొకరి దగ్గర పని పట్టుకోవడం అనుకున్నంత తేలిక కాదు. మగ్గం మీద పాత అచ్చు, పాత డిజైను జకార్డు అట్టలే ఉంటాయి. డిజైను మారితే అట్టలు మార్చాలి. కొత్త వార్పు ఎక్కాలంటే పాత పడుగు కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. అవి వేల పోగులు. కళ్లు మసకబారేదాకా ఇంటిల్లిపాదీ కూర్చోవలసిన పని. వానాకాలంలో గుంట మగ్గంలో నీరూరితే ఆ రోజులూ పోయినట్టే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ కరువు నేల మీద, మగ్గం ఆగిన ఇంటికి పొలం పని ఆసరా కాదు. మిగిలేది బెంగళూరు బండి.

నేతగాడే మానుకోవాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. పెళ్లికో ఆస్పత్రికో తీసుకున్న బాకీ మొత్తం ఒకేసారి కట్టాలి, లేదా కొత్త మాస్టర్ వీవర్ ఆ బాకీని నెత్తిన వేసుకోవాలి. అంటే పని ఇచ్చేవాడికి గడువు సున్నా, చేసేవాడికి అప్పు తీరేదాకా. ఈ ఒప్పందంలోని అసలు అన్యాయం ఇదే. కూలి రేట్ల మీద జరిగే చర్చల్లో ఇది మరుగున పడిపోతోంది.

ఇంట్లో కూర్చుని ముక్క లెక్కన పని చేసేవారికి నోటీసు గడువు పెట్టడం కొత్త ఆలోచన కాదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఆకు, తంబాకు ఇంటికి తెచ్చుకుని చుట్టే మనిషిని కూడా ఉద్యోగిగానే గుర్తించింది. ఆరు నెలలు పని చేసినవారిని సరైన కారణం లేకుండా తీసేయకూడదని, తీసేస్తే నెల ముందు నోటీసో నెల వేతనమో ఇవ్వాలని చెప్పింది. 2025 నవంబర్‌లో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చేదాకా, దాదాపు ఆరు దశాబ్దాలు ఆ చట్టం నిలిచింది. ముక్క లెక్కన కూలి తీసుకున్నంత మాత్రాన దర్జీ ఉద్యోగి కాకుండా పోడని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు 1973లోనే తేల్చింది. జర్మనీ 1951 చట్టం ఇంకా వివరంగా ఉంది: ఇంటి దగ్గర పని చేసేవారు నాలుగు వారాలు దాటి ఒకరికి పని చేస్తుంటే రెండు వారాల నోటీసు, ఆ ఒక్కరి మీదే ప్రధానంగా ఆధారపడితే నాలుగు వారాలు. సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ 2025 గిగ్ కార్మికుల చట్టం కింద కారణం రాసివ్వకుండా, 14 రోజుల ముందు చెప్పకుండా డెలివరీ కుర్రాణ్ణి తొలగించడం కుదరదు.

సరుకు ఎప్పుడు కదులుతుందో తెలియనప్పుడు ముందుగా ఎలా చెప్పగలమన్నది మాస్టర్ వీవర్ల ప్రశ్న. రేషం ధర రాత్రికి రాత్రే పెరిగే మాట నిజమే, చిన్న మాస్టర్ వీవర్ కూడా అప్పు మీదే నడుస్తాడు. కానీ పట్టుచీర గిరాకీ పెళ్లిళ్లతో ముడిపడింది. మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు విడుస్తుందో ఉగాది పంచాంగంలోనే ఉంటుంది. ఆషాఢం ఏటా వచ్చేదే. అందరికీ తెలిసిన ఈ మందకొడి రోజుల గురించి నేతగాడికి ముందుగా చెప్పడానికి అడ్డేమీ లేదు.

ఈ వృత్తిలో గడువును రోజుల్లో కాక వార్పుల్లో కొలవడమే సబబు. ‘ఇది ఆఖరి వార్పు’ అన్న మాట ఆ వార్పు ఇచ్చే రోజునే పుస్తకంలో రాయాలి. అలా రాయకుండా ఆపితే ఒక వార్పు కూలి చెల్లించాలి. నేతగాడు మానుకున్నా అదే పద్ధతి: చేతిలో ఉన్న వార్పు పూర్తి చేసి వెళ్లాలి, బాకీ మాత్రం వాయిదాల్లో తీర్చుకోవాలి. బాకీ పేరు చెప్పి మనిషిని ఆపి ఉంచే హక్కు ఎవరికీ ఉండకూడదు.

ఇందుకు చేనేత శాఖ ఒక నమూనా పుస్తకాన్ని తెలుగులో అచ్చు వేయించి కూలి మగ్గాలన్నిటికీ ఇవ్వాలి. అందులోని లెక్కను తగవుల్లో సాక్ష్యంగా కార్మిక శాఖ అంగీకరించాలి. వచ్చే ఆషాఢానికి ముందే ఆ పుస్తకం ధర్మవరం మగ్గాల ఇళ్లకు చేరేలా రెండు శాఖలూ కలిసి ఉత్తర్వు ఇవ్వాలని వినతి.