కొడుకు చేసిన తప్పేమిటి?

మొన్న హాస్టల్ మెస్సులో భోజనాల దగ్గర ఫిలిప్పీన్స్ మాట వచ్చింది. 2022లో అధ్యక్షుడైన బాంగ్‌బాంగ్ మార్కోస్ ఒకప్పటి నియంత కొడుకన్నాను. "తండ్రి నియంతయితే కొడుకు చేసిన తప్పేమిటోయ్?" అన్నాడు నా రూమ్మేటు. అప్పుడు జవాబు తోచలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

1972లో ఫెర్డినాండ్ మార్కోస్ సైనిక శాసనం విధించాడు. పత్రికలు మూతపడ్డాయి. ప్రతిపక్ష నాయకులు జైళ్లకు పోయారు. ఆ పాలనలో 70,000 మంది ఖైదయ్యారనీ, 34,000 మంది చిత్రహింసల పాలయ్యారనీ, 3,000 మందికి పైగా హతులయ్యారనీ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క. వారిలో మనలాంటి విద్యార్థులూ ఉన్నారు. 1986 ఫిబ్రవరిలో లక్షలాది జనం మనీలా వీధుల్లో నిలబడేసరికి, మార్కోస్ కుటుంబం అమెరికా విమానమెక్కి హవాయి చేరింది.

అప్పటికి కొడుక్కి 28 ఏళ్లు. పసివాడేం కాదు, తండ్రి హయాంలోనే గవర్నరుగిరీ చేసినవాడు. 1989లో తండ్రి ప్రవాసంలోనే కన్నుమూశాడు. 1991లో కొడుకు స్వదేశం చేరాడు. మరుసటి ఏడే పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. తరవాత మళ్లీ గవర్నరు, ఆపైన సెనేటరు. 2016లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి లెనీ రోబ్రెడో చేతిలో ఓడిపోయాడు. 2022లో ఆమెనే ఓడించి, మూడు కోట్లకు పైగా ఓట్లతో తండ్రి కూర్చున్న కుర్చీలో కూర్చున్నాడు.

తండ్రి పాపం కొడుకు నెత్తిన రుద్దకూడదు, నిజమే. కాని తండ్రి ఆస్తి పుచ్చుకున్నవాణ్ణి తండ్రి బాకీ కూడా అడగరా? పేరూ పలుకుబడీ నావి, బాకీ మాత్రం నాది కాదంటే ఎలా? క్షమాపణ ఎందుకు చెప్పాలని 2015లో ఆయన ఎదురు ప్రశ్న వేశాడు. అంతకు రెండేళ్ల ముందే, ఆనాటి బాధితులకు పరిహారమివ్వాలని ఆ దేశంలో చట్టం వచ్చింది. ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? మార్కోసుల స్విస్ ఖాతాల నుంచి రాబట్టిందే!

అయితే తప్పంతా ఆయనదేనా? 2022లో ఓటేసినవాళ్లలో చాలామంది 1986 తరవాత పుట్టినవాళ్లు. అదంతా స్వర్ణయుగమని ఫేస్‌బుక్కులోనూ యూట్యూబులోనూ వాళ్లకు నూరిపోసినవాళ్లున్నారు. జైలు సంగతి కూర్చోబెట్టి చెప్పినవాళ్లు తక్కువ. నియంత పోయాక జనం ఆశపడ్డ బతుకూ రాలేదు. అందుకే 'పాతరోజులే మేలు' అన్న మాట సులువుగా చెవికెక్కింది.

నా రూమ్మేటుకి ఇదే నా జవాబు: నియంత కొడుకుగా పుట్టడం తప్పు కాదు. జరిగింది జరగలేదన్నట్టు ఓటడగడం తప్పు. ఏం జరిగిందని అడక్కుండా ఓటేస్తే, ఆ తప్పులో మనకీ వాటా ఉంది.